పెద్దమనిషి, ఆడమనిషి, బేరం: సంప్రదింపుల అధ్యయనంలో జెండర్ మూసలపై ఒక నైతిక పరిశీలన

‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసిందే. నోరు తెరిచి అడిగినవారికి దక్కుతుంది, దక్కలేదంటే అడగలేదని అర్థం. సామెతలో పెట్టే మనిషి ఎవరో తెలుస్తోంది, ఆమె అమ్మ. అడిగే మనిషి ఎవరో చెప్పలేదు. ఆ అమ్మకు కావలసినది ఆమె ఎవరిని అడగాలి, అడిగితే ఎవరు పెడతారు అన్న ప్రశ్నకు సామెతలో చోటు లేదు.

2003లో అమెరికాలో వెలువడిన ‘విమెన్ డోంట్ ఆస్క్’ అనే పుస్తకం ఇంచుమించు ఈ సామెతనే అంకెలతో తిరిగి చెప్పింది. రచయిత్రులు లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్. బాబ్‌కాక్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యురాలు. తమతోటి మగ విద్యార్థులకు సొంతంగా కోర్సులు బోధించే అవకాశం వస్తుంటే తమను సహాయకులుగానే ఉంచుతున్నారని అక్కడి పరిశోధక విద్యార్థినులు కొందరు ఆమెకు ఫిర్యాదు చేశారు. కారణం విచారిస్తే వచ్చిన సమాధానం చాలా చిన్నది: మగపిల్లలు వచ్చి అడిగారు, ఆడపిల్లలు అడగలేదు. అదే విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ ముగించి ఉద్యోగాల్లో చేరినవారిలో, ఇస్తామన్న జీతం చాలదని బేరమాడినవారు పురుషులలో 57 శాతం, స్త్రీలలో 7 శాతం. పురుషుల తొలి జీతాలు సగటున 7.6 శాతం ఎక్కువగా ఉన్నాయి. మరొక ప్రయోగంలో, ఒక ఆట ఆడినందుకు 3 నుంచి 10 డాలర్ల వరకు ఇస్తామని ముందే చెప్పి, చివరకు 3 డాలర్లు చేతిలో పెట్టి, సరిపోతుందా అని అడిగారు. ఇంకా కావాలన్న పురుషుల సంఖ్య స్త్రీల సంఖ్యకు దాదాపు తొమ్మిది రెట్లు.

ఈ అంకెలతో పేచీ లేదు. పేచీ వాటిమీద నిలబెట్టిన వాక్యంతో. ‘స్త్రీలు అడగరు’ అనే వాక్యం వ్యాకరణరీత్యా ఒక వాస్తవ కథనం. వాడుకలోకి వచ్చేసరికి అది నేరారోపణగా మారుతుంది. జీతం తక్కువైనవారి స్వభావంలోనే తక్కువ జీతానికి కారణం ఉందని అనడానికి అది అవకాశం ఇస్తుంది. రచయిత్రులు పెంపకాన్ని, సమాజాన్ని కూడా పట్టించుకున్నారన్నది నిజమే. కానీ పుస్తకం కంటే పుస్తకం పేరు ఎక్కువ దూరం ప్రయాణించింది. స్త్రీలు బేరమాడలేరని అన్నప్పుడు లోపం ఎవరిలో ఉన్నట్టు? ఆ లోపాన్ని దిద్దుకొమ్మని స్త్రీలకే సలహా ఇవ్వడం న్యాయమేనా? ఈ రెండు ప్రశ్నలను సంప్రదింపుల అధ్యయనం ఒక వైపు నుంచి, తెలుగు సాహిత్యం మరొక వైపు నుంచి ఎలా ఎదుర్కొన్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటలలోని పీటలు

‘నెగోషియేషన్’ అన్న పదానికి తెలుగులో ఒకే సమానార్థకం లేదు. సంతలో జరిగితే బేరం, రాజ్యాల మధ్య జరిగితే రాయబారం, కోర్టు మెట్ల దగ్గర జరిగితే రాజీ, రచ్చబండ మీద జరిగితే పంచాయితీ, కార్మిక సంఘానికీ యాజమాన్యానికీ మధ్య జరిగితే చర్చలు. పత్రికలు ‘సంప్రదింపులు’ అంటాయి. ఈ మాటలన్నీ ఒకే పనిని సూచిస్తున్నా వీటికి ఒకే మర్యాద లేదు. రాయబారం గౌరవప్రదం, బేరం కొంత నీచం. ఎవరి పనిని ఏ మాటతో పిలుస్తారన్నది ఆ మనిషి స్థానాన్ని బట్టి ఉంటుంది.

మధ్యవర్తిగా కూర్చుని తగవు తీర్చేవాడిని తెలుగులో ‘పెద్దమనిషి’ అంటారు. పదంలో లింగభేదం లేదు, మనిషి ఎవరైనా మనిషే. అయితే ‘పెద్దమనుషులను కూర్చోబెట్టారు’ అని విన్నవారి మనసులో మెదిలే గుంపులో స్త్రీ ఉండదు. ఇదే మాట ఆడపిల్ల విషయంలో వాడితే అర్థం వేరు. ‘పిల్ల పెద్దమనిషైంది’ అంటే రజస్వల అయిందని. ఆనాటి నుంచి ఆమె గడప దాటడానికీ, పరాయివారితో మాట్లాడడానికీ హద్దులు మొదలవుతాయి. పురుషుడిని నలుగురి మధ్య కూర్చోబెట్టే మాటే ఆడపిల్లను నలుగురి మధ్య నుంచి లేపేస్తోంది.

తెలుగువారి ఆధునిక రాజకీయ చరిత్రలో అతి ప్రసిద్ధమైన సంప్రదింపుకు కూడా ఈ పేరే స్థిరపడింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన ‘పెద్దమనుషుల ఒప్పందం’ మీద ఆంధ్ర పక్షాన నలుగురు, తెలంగాణ పక్షాన నలుగురు సంతకం చేశారు. ఎనిమిదిమందీ పురుషులే. ఆ కాలానికి అది వింత కాదు. ఒప్పందం ఎందుకు ఉల్లంఘనకు గురైందన్న చర్చ దశాబ్దాలపాటు సాగినా, ఆ బల్ల చుట్టూ ఎవరెవరు లేరన్న ప్రశ్న ఆ చర్చలో దాదాపు వినబడకపోవడమే గమనించదగినది. స్త్రీలు అడగలేదని లెక్కవేసేముందు, అడిగే చోట వారికి పీట వేశారా లేదా అన్నది చూడవలసి ఉంటుంది. డెబొరా కోల్బ్ వంటివారు ఈ రంగంలో చాలాకాలంగా చెబుతున్నదీ ఇంచుమించు ఇదే. జెండర్‌ను బేరమాడే వ్యక్తి గుణంగా కాక, బేరం జరిగే సంస్థలోనే ఇమిడి ఉన్న ఏర్పాటుగా చూడాలని వారి వాదన.

మాట మారితే ప్రవర్తన మారుతుందనడానికి ప్రయోగ సాక్ష్యమూ ఉంది. పైన చెప్పిన 3 డాలర్ల ప్రయోగాన్నే డెబొరా స్మాల్, మిషెల్ గెల్‌ఫాండ్, బాబ్‌కాక్ తదితరులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో కొద్దిగా మార్చి చూశారు. ‘బేరమాడవచ్చు’ అని చెప్పినప్పుడు స్త్రీ పురుషుల మధ్య తేడా అలాగే ఉంది. ‘అడగవచ్చు’ అని చెప్పినప్పుడు ఆ తేడా పోయింది. బేరమాడడం అధికారం ఉన్నవారి భాష, అడగడం మర్యాద తెలిసినవారి భాష అని వారు వివరించారు. తెలుగు ఇంకొక మెట్టు దిగగలదు. ‘అడుగు’ ధాతువుకు ‘కొను’ చేరిస్తే ‘అడుక్కోవడం’ అవుతుంది. అడగడానికీ అడుక్కోవడానికీ మధ్య ఉన్న ఆ సన్నని గీతను ఎదుటివాడే గీస్తాడన్నది తెలుగు మాట్లాడే ప్రతి స్త్రీకీ తెలిసిన విషయం.

బల్ల దగ్గర మూడో మనిషి

లారా క్రే, లీ థాంప్సన్, ఆడం గలిన్‌స్కీ 2001లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగాన్ని మలుపుతిప్పాయి. ఈ బేరం మీ సామర్థ్యానికి పరీక్ష అని మేనేజ్‌మెంటు విద్యార్థులకు ముందుగా చెబితే పురుషులు మెరుగైన ఫలితం సాధించారు. అది అభ్యాసం మాత్రమే అంటే తేడా కనిపించలేదు. సమర్థుడైన బేరగాడు హేతుబద్ధంగా, నిబ్బరంగా, భావోద్వేగాలకు లొంగకుండా ఉంటాడని, ఆడా మగా ప్రస్తావన తేకుండా సూచించినప్పుడు స్త్రీలు వెనకబడ్డారు. ఈ గుణాలు పురుషులలో ఎక్కువని బాహాటంగా అన్నప్పుడు మాత్రం స్త్రీలు ఎదురుతిరిగి పురుషులను మించిపోయారు. గుసగుసగా ఉన్నప్పుడు పనిచేసిన మూస, గట్టిగా పలికితే బెడిసికొట్టింది. మరుసటి సంవత్సరపు ప్రయోగాలలో, చక్కగా వినడం, ఎదుటివారి మనసు గ్రహించడం వంటి ‘స్త్రీ సహజ’ గుణాలే బేరానికి పనికివస్తాయని చెప్పినప్పుడు స్త్రీలే ముందున్నారు.

దీని నుంచి తేలేదేమిటి? ఇద్దరు కూర్చున్న బల్ల దగ్గర మూస అనే మూడో మనిషి కూర్చుని ఉంటాడు. ఇద్దరికీ అతని మాట వినబడుతుంది. స్త్రీలలో లోపం ఉందన్న వాదానికి ఇది పెద్ద దెబ్బ. నాలుగు వాక్యాలు మార్చగానే మాయమయ్యేదాన్ని స్వభావమనడం కుదరదు. అయితే ఈ ప్రయోగాలలో ఒక మూసను తీసేయడానికి మరొక మూసను తెచ్చిపెట్టారన్న ఆక్షేపణ కూడా చేయవలసి ఉంది. ‘స్త్రీలు చక్కగా వింటారు’ అన్నది పొగడ్తలా కనిపిస్తుంది. వినిపించుకోవడం తప్ప గత్యంతరం లేనివారికి అలవడిన నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చిన వరంగా చెప్పడం అది.

మూస లోపలే కాదు, ఎదుటి కుర్చీలోనూ ఉంది. హానా రైలీ బౌల్స్, బాబ్‌కాక్, లెయ్ లాయ్ 2007లో చేసిన అధ్యయనంలో ఎక్కువ జీతం కోరిన అభ్యర్థులను మూల్యాంకనం చేయమన్నారు. అలా కోరిన స్త్రీతో కలిసి పనిచేయడానికి జనం ఇష్టపడలేదు. అదే పని చేసిన పురుషుడికి ఆ నష్టం అంతగా జరగలేదు. మగ మూల్యాంకకుల ఎదుట స్త్రీలు బేరానికి వెనుకాడారు. ఆ వెనుకాటును పిరికితనం అనడం కంటే సరైన అంచనా అనడం న్యాయం. దెబ్బ పడుతుందని తెలిసి చేయి చాపకపోవడాన్ని చేతకానితనమని లెక్కగట్టిన శాస్త్రం, ముందు ఆ దెబ్బను లెక్కించవలసింది. బెంజమిన్ ఆర్ట్జ్, అమాండా గుడాల్, ఆండ్రూ ఆస్వాల్డ్ 2018లో ఆస్ట్రేలియా ఉద్యోగుల వివరాలను పరిశీలించి మరొక సంగతి చెప్పారు. పనిగంటలు సమానంగా ఉన్నచోట స్త్రీలూ పురుషులతో సమానంగానే జీతం పెంచమని అడుగుతున్నారు. అడిగినవారిలో పురుషులకు సుమారు 20 శాతం, స్త్రీలకు సుమారు 15 శాతం సందర్భాలలో అది దక్కింది. పుస్తకం పేరులోని వాక్యాన్ని ‘స్త్రీలకు పెట్టరు’ అని మార్చవలసిన పరిస్థితి వచ్చింది.

ఈ ప్రయోగాలలోని స్త్రీ ఎవరన్నది మరొక ప్రశ్న. ఆమె చాలావరకు అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థిని, జీతపు ఉద్యోగాన్ని ఆశించే మధ్యతరగతి వ్యక్తి. చేపలు అమ్మే స్త్రీ, రైతుబజారులో ఆకుకూరల గంప ముందు కూర్చున్న స్త్రీ, నాట్ల కూలీ ఎంతో తేల్చుకునే స్త్రీ ఆ ప్రయోగశాలలోకి వచ్చి ఉంటే ‘స్త్రీలు బేరమాడరు’ అన్న ప్రతిపాదన మొదటిరోజే వీగిపోయేది. మేఘాలయ ఖాసీ సమాజంలో ఆస్తి స్త్రీల ద్వారా సంక్రమిస్తుంది. అక్కడి మాతృవంశీయ సమాజాన్ని పితృస్వామ్య సమాజంతో పోల్చుతూ స్టెఫెన్ ఆండర్సన్, ఉరి నీజీ, జాన్ లిస్ట్ తదితరులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రయోగశాలతోపాటు నిజమైన సంతలోకీ వెళ్ళింది. మాతృవంశీయ సమాజంలో స్త్రీలే బేరంలో ఎక్కువ గడించారు. ముఖ్యంగా అమ్మే స్థానంలో ఉన్నప్పుడు ఈ తేడా కనిపించింది. కొనే స్థానంలో సమాజాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. చేతిలో సరుకు ఉండి, దాని మీద హక్కు ఉన్నవారికి నోరు వస్తుంది. ‘నోరుగల మనిషి’ అని తెలుగులో స్త్రీనే ప్రత్యేకించి అనడం, పురుషుడికి నోరుండడం చెప్పుకోదగ్గ విశేషంగా తోచకపోవడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

రెండు వరాలు, ఐదు వరాలు

ఎవరు ఎంత అడగవచ్చు అన్నదానికి మహాభారత సభాపర్వంలో ఏకంగా ఒక పట్టికే ఉంది. జూదసభలో అవమానం జరిగాక ధృతరాష్ట్రుడు ద్రౌపదిని వరం కోరుకొమ్మంటాడు. మొదటి వరంగా ఆమె ధర్మరాజుకు దాస్యవిముక్తి కోరుతుంది, తన కుమారుడు ప్రతివింధ్యుడిని దాసీపుత్రుడని ఎవరూ అనకుండా ఉండాలన్నది ఆమె చెప్పిన కారణం. రెండో వరంగా మిగిలిన నలుగురికీ ఆయుధాలతో, రథాలతో విముక్తి. మూడోది కోరుకొమ్మంటే నిరాకరిస్తుంది. వైశ్యుడికి ఒక వరం, క్షత్రియ స్త్రీకి రెండు, రాజుకు మూడు, బ్రాహ్మణుడికి నూరు అని ఆమె చెప్పిన లెక్క వ్యాసభారతంలో ఉంది. అడగడానికి కులాన్నీ లింగాన్నీ బట్టి కోటా ఉందన్నమాట. శూద్రుడి పేరు ఆ పట్టికలోనే లేదు.

ద్రౌపదిని ఆత్మగౌరవానికి ప్రతీకగా చదివే సంప్రదాయంలో ఈ నిరాకరణను ఆమె ఔన్నత్యంగా కీర్తించడం పరిపాటి. ఆ చదువు తప్పు కాదు. కానీ బేరం దృష్టితో చదివితే వేరే విషయాలు కనిపిస్తాయి. ఆమె కోరిన రెండు వరాలూ ఇతరుల కోసం. తన విముక్తి మాట విడిగా కోరలేదు. ఎమిలీ అమనతుల్లా, మైకేల్ మోరిస్ 2010లో చేసిన ప్రయోగంలో స్త్రీలు తమ కోసం బేరమాడినప్పుడు తగ్గారు, మరొకరి పక్షాన బేరమాడినప్పుడు పురుషులతో సమానంగా నిలిచారు. తమ కోసం గట్టిగా అడిగితే జనం ఏమనుకుంటారో అన్న శంకే కారణమని వారు తేల్చారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వరాలకు ముందే ద్రౌపది ఒకటి అడిగింది. తన్ను తాను ఓడిపోయినవాడికి భార్యను ఒడ్డే హక్కు ఉందా అన్నది ఆ ప్రశ్న. అది తన కోసం అడిగినది, న్యాయంగా అడిగినది. సభలోని పెద్దమనుషులెవరూ దానికి తేటతెల్లమైన జవాబు చెప్పలేదు. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. ప్రశ్నగా అడిగితే దక్కనిది, వరంగా, అదీ భర్తల కోసం అడిగితే దక్కింది. పాండవులకు ఆమె నావ అయిందని కర్ణుడు అంటాడు. నావ ఒడ్డు చేర్చేది ఇతరులనే.

సావిత్రి కథ ఇంకా స్పష్టంగా బేరపు కథ. తెలుగు భారతంలో అరణ్యపర్వ శేషంలో ఎఱ్ఱన చెప్పిన ఈ కథ సభాపర్వంలోని పట్టిక దాటి ఐదు వరాల దాకా నడుస్తుంది. మామకు చూపు, మామకు రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు. ఈ మూడింటి తరవాతే తనకు సత్యవంతుని వల్ల నూరుగురు కొడుకులు. నాలుగో వరం ఇచ్చాక యముడు ఇరుక్కున్నాడు, ఐదోది ఇవ్వక తప్పలేదు. చిన్న కోరికతో మొదలుపెట్టి, ఎదుటివాడి ఔదార్యాన్ని పొగుడుతూ, ఒప్పుకున్న మాటనే తరువాతి కోరికకు ఆధారం చేసుకుంటూ పోవడం ఏ సంప్రదింపుల పాఠ్యపుస్తకంలోనైనా ఉదాహరణగా పెట్టదగిన పద్ధతి. అయినా సంప్రదాయం సావిత్రిని నేర్పరి అయిన బేరగత్తెగా గుర్తుంచుకోలేదు, పతివ్రతగా గుర్తుంచుకుంది. ఇతరుల కోసం గెలిస్తే ఆ గెలుపు నైపుణ్యపు ఖాతాలో కాక శీలపు ఖాతాలో జమ అవుతుంది. తన కోసం గెలిచిన స్త్రీకి వేరే పేరుంది, గయ్యాళి. సూర్యకాంతం తెరమీద అంత చక్కగా నటించాక ఆ పేరు పిల్లలకు పెట్టడానికే జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూస ఎంత బలమైనదంటే, నటించినవారి పేరునే తనలో కలిపేసుకుంది.

సాహిత్య పాత్రలు ప్రయోగ సాక్ష్యానికి ప్రత్యామ్నాయం కావన్న అభ్యంతరం సహజం. ద్రౌపది చేసినది చూసి స్త్రీలందరూ అలాగే చేస్తారని ఎవరూ నిరూపించలేరు. కానీ ప్రయోగం ఒక గంటలో జరిగినదాన్ని కొలుస్తుంది. ఒకే పనికి వేర్వేరు మనుషుల విషయంలో ఏ పేర్లు పెట్టారో, ఆ పేర్లు శతాబ్దాలపాటు ఎలా నిలిచాయో సాహిత్యం భద్రపరుస్తుంది. మూస అంటే అలా నిలిచిన పేరే.

మధురవాణి మగవేషం

తెలుగులో బేరానికీ జెండర్‌కీ మధ్య సంబంధాన్ని ‘కన్యాశుల్కం’ కంటే లోతుగా చూపిన రచన లేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో పూర్తిగా మారిన రూపంలో వెలువడిన ఈ నాటకం పేరులోనే ధర ఉంది. సుబ్బిని లుబ్ధావధాన్లుకు 1800 రూపాయలకు ఇవ్వడానికి అగ్నిహోత్రావధాన్లు ఒప్పుకుంటాడు. ఇక్కడ ఆడపిల్ల బేరమాడలేదని ఎవరైనా అంటే అది వెటకారమవుతుంది. ఆమె బల్ల దగ్గర లేదు, బల్ల మీద ఉంది. సంప్రదింపుల అధ్యయనం ‘పక్షాలు’ అనే మాటతో మొదలవుతుంది. ఎవరు పక్షం, ఎవరు సరుకు అన్నది అంతకుముందే ఎవరో తేల్చేసిన చోట ఆ అధ్యయనం దగ్గర పరికరాలు లేవు.

నాటకంలో తమ తరఫున తాము లావాదేవీ నడిపే స్త్రీలు ఇద్దరే, మధురవాణి, పూటకూళ్ళమ్మ. ఒకరు వేశ్య, మరొకరు పూటకూలి ఇల్లు నడుపుకునే వితంతువు. ఇద్దరూ ‘సంసార స్త్రీ’ అనే వృత్తానికి బయట ఉన్నవారే. బుచ్చమ్మ, మీనాక్షి, వెంకమ్మ ఆ వృత్తం లోపల ఉన్నారు, వారి తరఫున ఇతరులు మాట్లాడతారు. కాబట్టి గురజాడ చూపిన లోకంలో బేరానికి అనర్హత స్త్రీత్వం వల్ల వచ్చినది కాదు, ఒక వర్గపు గౌరవ స్త్రీత్వం వల్ల వచ్చినది. గౌరవం పోగొట్టుకున్నవారికే బేరమాడే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛకు చెల్లించిన వెల ఆ గౌరవమే. బౌల్స్ బృందం ప్రయోగశాలలో కొలిచిన ఎదురుదెబ్బకు ఇది సాంఘిక వ్యవస్థ అంతటి రూపం.

విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ఇంట జరిగే చివరి అంకపు దృశ్యం ఈ చర్చకు కీలకం. సౌజన్యారావు వేశ్యలతో మాటామంతీ కూడా పెట్టుకోని సంస్కర్త. హత్యానేరంలో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును బయటపడేసే రహస్యం మధురవాణి దగ్గర ఉంది. పెళ్ళికూతురుగా వెళ్ళినది ఆడపిల్లే కాదు, వేషం వేసిన మగపిల్లవాడు. ఆ రహస్యంతో ఆమె సౌజన్యారావు ఇంటికి మగవేషంలో వెళ్తుంది. ఆ వేషం లేకపోతే ఆ గది తలుపు తెరుచుకోదు, ఎంత విలువైన సమాచారం ఉన్నా బేరమే మొదలు కాదు. మగవాడిగా మాట్లాడినంతసేపూ ఆమె తర్కాన్ని సౌజన్యారావు తర్కంగానే వింటాడు, వాదిస్తాడు, ఆలోచిస్తాడు. ఆ వేషం వెనకే ఉండి, మధురవాణి అనే వేశ్య పేరుమీద తన వెల చెబుతుంది. పెళ్ళి మాటకు ఆయన ఒప్పుకోడు. బేరం ఒక ముద్దు దగ్గరకు దిగుతుంది. మిరాండా ఫ్రికర్ 2007లో ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’ అనే గ్రంథంలో, చెప్పేవారి గుర్తింపును బట్టి వారి మాటకు విలువ తగ్గించడం ఒక ప్రత్యేకమైన అన్యాయమని వివరించారు. మధురవాణి ఆ అన్యాయాన్ని తాత్కాలికంగా దుస్తులతో దాటింది.

ఆమె తప్పు చేసిందా? మూసను ధిక్కరించకుండా దానికి లొంగిందని అనవచ్చా? అనడం అన్యాయం. తలుపు మూసినవారిని వదిలి, మారువేషంలో లోపలికి వచ్చినవారిని విచారించడం నీతి కాదు. కానీ మధురవాణి వేషం చూసి, స్త్రీలందరికీ మగవేషాలు కుట్టించి ఇవ్వాలని ఒక శాస్త్రం సిఫారసు చేస్తే ఆ శాస్త్రాన్ని విచారించవలసిందే.

సలహా ఖరీదు

సరిగ్గా అలాంటి సిఫారసే ఈ రంగంలో జరిగింది. ఎదురుదెబ్బ ఉందని తేలాక, దాన్ని తప్పించుకునే మాటల కోసం పరిశోధకులు వెతికారు. బౌల్స్, బాబ్‌కాక్ 2013లో ప్రచురించిన ప్రయోగాలలో, తన కోరిక సంస్థకూ మేలు చేసేదిగా, సంబంధాల మీద శ్రద్ధతో అడుగుతున్నట్టుగా వివరణ చేర్చి అడిగిన స్త్రీకి ఎదురుదెబ్బ తగ్గింది. ఇది నిజమైన ఫలితమే, రేపు ఉదయం జీతం గురించి మాట్లాడవలసిన స్త్రీకి పనికివచ్చేదే. ఆమెకు ఈ ఉపాయం చెప్పకుండా దాచడం కూడా క్రూరమే. చిక్కు మరొకచోట ఉంది. ‘నాకు’ అనవలసినచోట ‘మనకు’ అని నవ్వుతూ చెప్పిన ప్రతి స్త్రీ తన జీతం పెంచుకుంటూ, స్త్రీ అంటే ఇలాగే అడగాలన్న నియమానికి సుంకం చెల్లిస్తోంది. ఆ సుంకం మీద బతికే మూస, నవ్వకుండా అడిగిన తరువాతి స్త్రీని ఇంకా గట్టిగా శిక్షిస్తుంది. వ్యక్తికి మేలు చేసే సలహా వర్గానికి భారమయ్యే సందర్భమిది. నవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ స్త్రీది, దానికి ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. సలహాను జ్ఞానంగా బోధించేవారికి మాత్రం అంత సులువైన విడుదల లేదు. ఎదుటి కుర్చీలోని మనిషి ఎలా మారాలో చెప్పే అధ్యాయం వారి పాఠ్యపుస్తకంలో ఎన్ని పుటలు ఉందో చూసుకోవలసిన బాధ్యత వారిది.

ఆ అధ్యాయం రాయడం అసాధ్యమేమీ కాదు. ఆండ్రియాస్ లైబ్రాంట్, జాన్ లిస్ట్ 2015లో నిజమైన ఉద్యోగ ప్రకటనలతో ప్రయోగం చేశారు. జీతం నిర్ణయ నియమాలు అస్పష్టంగా ఉన్నప్పుడు పురుషులు ఎక్కువగా బేరమాడారు. జీతం గురించి మాట్లాడుకోవచ్చని ప్రకటనలోనే రాసినప్పుడు ఆ తేడా మాయమైంది. స్త్రీలకు శిక్షణ ఇవ్వలేదు, మగవేషం వేయలేదు. యజమాని ఒక వాక్యం చేర్చాడు. అడగనిదే పెట్టని అమ్మ, ఏమేమి ఉన్నాయో ముందే చెప్పి వడ్డనకు కూర్చుంది.

మధురవాణి దృశ్యంలో కొలతలకు అందనిది ఇంకొకటి ఉంది. బేరం కుదిరి, మగవేషం తొలగి, సౌజన్యారావు మాట చెల్లించబోయే సమయంలో ఆమే ఆపుతుంది. చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటుంది. గెలిచిన వెలను వదులుకుంటుంది, రహస్యం మాత్రం చెప్పేస్తుంది. ఆర్థిక ఫలితమే కొలమానమైన ప్రయోగంలో ఇది ‘రాయితీ’ అన్న గడిలో చేరుతుంది. స్త్రీలు తొందరగా రాయితీలు ఇస్తారన్న సగటుకు మరొక అంకె అవుతుంది. ద్రౌపది మూడో వరం కూడా ఆ గడిలోనే పడుతుంది. వదులుకోవలసివచ్చి వదులుకోవడానికీ, వదులుకోగలిగి వదులుకోవడానికీ మధ్య తేడాను ఆ గడి గుర్తించలేదు. ద్రౌపది మొదటి కోవకు చెందినదా, రెండో కోవకా అన్నది ఇంకా చర్చించదగినదే. మధురవాణి నిస్సందేహంగా రెండో కోవ.

ఇక వెంకమ్మ. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివాడికిచ్చి చేసిన ఫలితం కళ్ళముందే ఉందని, చిన్నపిల్లకు కూడా ఆ గతి పట్టించవద్దని ఆమె భర్తను అడిగింది. కారణం చెప్పి అడిగింది, తన కోసం కాక కూతురి కోసం అడిగింది, ఇంటి మేలు కోరి అడిగింది. ఇప్పటి సలహాలన్నీ పాటించినట్టే. అగ్నిహోత్రావధాన్లు వినలేదు. ఆమె నూతిలో పడింది. పైకి తీశాక కథను ఆమె అన్న కరటకశాస్త్రి, ఆ తరువాత మధురవాణి ముందుకు నడిపారు. సుబ్బి పెళ్ళి తప్పింది. ఆ ఇంట్లో జరిగిన సంప్రదింపును నమోదు చేయవలసి వస్తే వెంకమ్మను అడిగినవారి గడిలో చేర్చాలా, అడగనివారి గడిలో చేర్చాలా, నూతికి ఏ గడి కేటాయించాలి?